ఎదురింటి అద్దంలో గది

నాలుగింటికి చెబుతానంది ఇంటావిడ. ఇప్పుడు మూడూ పది. అంటే ఇంకా యాభై నిమిషాలు కింద ఈ వంటింట్లో, ఈ చెక్క కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని పెళ్లిచూపుల పిల్లలా కూర్చోవాలి ఇనెకె. అరవైకి ఒక్క ఏడాది తక్కువ, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, తలలో నల్లవెంట్రుక కావాలంటే వెతుక్కోవాలి, అయినా గుండె చూడు, పరీక్ష ఫలితాల కోసం గోడ దగ్గర నిలబడ్డట్టు కొట్టుకుంటోంది. "ఫోన్లో చెప్పడం నాకు చేతకాదండీ. మొహం చూసే చెబుతాను. గది అద్దెకిస్తే ఇస్తానంటాను, లేకపోతే లేదంటాను," అంది బ్లాంకర్ట్ గారు, ఎనభై నాలుగేళ్ల మనిషి, నిటారుగా, చేతికర్ర కూడా లేకుండా. అని, డబ్బాలోంచి ఒక్క బిస్కెట్ తీసిచ్చి మూత టప్పున వేసేసింది. అది ఈ ఊళ్లో అందరి పద్ధతే, రెండోది అడిగినవాడికి మర్యాద తెలియదని అర్థం. ఆ ఒక్క బిస్కెట్‌నే ఇనెకె ఎలకలా కొరుకుతోంది, నాలుగింటిదాకా రావాలి కదా. ఇంతలో గంట మోగింది, ఒక కుర్రజంట వచ్చింది, వాళ్లని వెంటబెట్టుకుని ఆవిడ మెట్లెక్కింది. ఇప్పుడు నెత్తి మీద మూడు జతల అడుగులు. ఆ అడుగుల కింద ఉన్నది ఇనెకెకి కావలసిన గది. కావలసిన అంటే మామూలుగా కాదు. ఈ వయసులో ఒక వస్తువు మీద ఇంత ఆశ పడొచ్చా అని సిగ్గేసేంత.

ఇందాక ఆ గదిలో అడుగు పెట్టగానే ఒక్క క్షణం తప్పు ఇంటికి వచ్చాననుకుంది. పొయ్యి ఎడమవైపు ఉండాలి, కుడివైపు ఉంది. బల్ల ఈ గోడకుండాలి, ఆ గోడకుంది. తర్వాత నవ్వొచ్చింది, ఆపుకుంటే దగ్గయింది. ఇరవై ఎనిమిదేళ్లు తను చూసింది ఈ గదిని కాదు మరి, ఎదురింటి కిటికీ అద్దంలో పడే దీని నీడని. ఎడమ కుడైంది, కుడి ఎడమైంది, అంతే, గది అదే గది. ఇరవై ఏళ్లకి కిటికీలు తుడిచే పనిలో చేరినప్పుడు మొదటిరోజే ముసలి మేస్త్రీ చెప్పాడు, "అమ్మాయ్, నిచ్చెన ఎక్కాక ఎవరింట్లోకీ తొంగి చూడకు. అద్దం వెనకున్నది వాళ్లది. అద్దం మీదున్నదే నీది." ఆయన అన్నది మురికి గురించి. ఇనెకె దాన్ని తనకి అనువుగా సర్దుకుంది. అద్దం మీద మురికే కాదు, నీడా ఉంటుంది. తోలుగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే వీపు వెనకున్న లోకమంతా తళుక్కున అందులో తేలుతుంది. అది తనదే, మేస్త్రీ ఇచ్చేశాడు. మూడు గజాల సందు, రెండు వైపులా ఇళ్లు నడుము వంచి ఒకదాని చెవిలో ఒకటి ఏదో చెప్పుకుంటున్నట్టు ముందుకు వాలి ఉంటాయి. ఎదురింటి రెండో అంతస్తు కిటికీ దగ్గర నిచ్చెన మీద నిలబడితే వెనక ఈ ఇంటి రెండో అంతస్తు ఎంత దగ్గరో, పొయ్యి మీద కెటిల్ మూత ఎగిరిపడటం కూడా కనిపించేది. ఈ ఊళ్లో ఎవరూ తెరలు దించరు కదా, దాచుకునేదేముందని. నెలకోసారి, మంగళవారం, పదకొండింటికి, బల్ల దగ్గర ఇంటాయన ఉండేవాడు. మోచేతుల దగ్గర అతుకులేసిన స్వెట్టరు, నెత్తిన బూడిదరంగు టోపీ, ఇంట్లో కూడా టోపీ ఏమిటో, చేతిలో నారింజపండు. తొక్కని ఒక్క ముక్కగా తీయాలని పెదాల మధ్య నాలుక పెట్టి తిప్పుతూ ఉండేవాడు. ఆవిడ పక్కనుంచి పోతూ ఆ టోపీని వేలితో కిందికి నొక్కేది. అంతే. మాటలు వినపడేవి కావు, పేర్లు తెలియవు. కానీ ఎంతమంది ఇళ్లకి అద్దాలు తుడవలేదు తను, ఎన్ని గదులు చూడలేదు, ఖరీదైన కుర్చీలూ దీపాలూ పటాలూ. మనుషులు ఒకరికొకరు అడ్డం రాకుండా ఒక గదిలో ఉండటం అనేది ఇక్కడే చూసింది. ఒకసారి మాత్రం ఆ కిటికీకి రంగు కాగితాల తోరణాలు వేలాడాయి, గది నిండా కుర్చీలు గుండ్రంగా వేసి చుట్టాలు కూర్చున్నారు, వచ్చినవాళ్లు వచ్చినట్టు అందరికీ వరసగా చేతులు కలుపుతున్నారు, ఎవరి పుట్టినరోజో. ఆ గుండ్రంలో నాకూ ఒక కుర్చీ వేస్తే బాగుండును అనుకుంది నిచ్చెన మీద, బకెట్‌లో నీళ్లు చల్లారిపోతుంటే. అనుకుని కిటికీ చట్రం రెండోసారి తుడిచింది.

పురపాలక భవనం మీద గంటలు మూడుంపావు పాట వాయించాయి. అదే పాట, సగంలో ఆపేస్తాయి. అరగంటకి ఇంకాస్త, గంటకి పూర్తిగా. ఊరికి దూరంగా తనుండే వాడలో ఇన్నేళ్లూ ఆ గంటలు గాలి ఇటు తిరిగిన రోజునే వినపడేవి. ఆ వాడనే ఇప్పుడు కూల్చేస్తారట, పాతబడిందట. ఇనెకె ఉండే భవనం తనకంటే మూడేళ్లు చిన్నది, అదే పాతబడితే తన సంగతేమిటో. ఏప్రిల్ ఒకటికల్లా ఖాళీ చెయ్యాలి. ఈ ఇల్లేమో మూడు వందల డెబ్భై ఏళ్లది, దూలాలు ఏ ఓడవో, వంగాయి, నల్లబడ్డాయి, ఎవరూ కూల్చేస్తామనరు. ఎంతమంది ఇక్కడ పుట్టి, దగ్గి, తిని, గొడవపడి పోయి ఉంటారు, అయినా ఇంకొకళ్లకి చోటుందంటుంది. అలాంటి ఇంటికి దణ్ణం పెట్టాలనిపించదూ. ఇప్పటికి పదమూడిళ్లు చూసింది. ఒకచోట క్యూలో ముప్పై ఎనిమిది మంది. ఒకచోట గది అన్నది అలమారా. ఇది లేదంటే ఇక అల్మేరే అనే కొత్త ఊళ్లో చెల్లెలింటి వెనక గదే. చెల్లెలు యానీ మంచిదే, నోరే కాస్త పదును. "పాత ఊరి నడిబొడ్డునే కావాలంటావేంటే? మా దగ్గర విశాలంగా లేదూ? ఆకాశం చూడు, ఎంతుందో!" ఆకాశం ఉందమ్మా, ఇంకేముంది. ఇనెకె పుట్టిన నాటికి ఆ అల్మేరే ఉన్నచోట నీళ్లుండేవి, సముద్రాన్ని తోడి నేల చేశారు. తనకంటే చిన్నదైన నేల మీద పోయి ముసలిదవ్వాలా? "నీకు ఇల్లు కావాలా, కిటికీ కావాలా, తేల్చుకో. కిటికీలు విడిగా అద్దెకివ్వరే తల్లీ," అంది యానీ నిన్న. ఎంత మాట! చెల్లెళ్లకి ఎక్కడ పొడవాలో పుట్టుకతో తెలుసు. కిటికీయే కావాలి. దానికి ఈ పక్కన కూర్చోవాలి ఒక్కసారైనా.

పైన ఏదో దొర్లింది. నాణెమో, పెన్నో. ఇటు గోడ దగ్గర మొదలై సందువైపు పోయి ఠక్కుమంది. కుర్రాడి గొంతు మెట్ల మీంచి దిగింది. "ఒప్పుకోవాలండీ, ఈ చివరికీ ఆ చివరికీ నేల ఏడు సెంటీమీటర్లు వాలుంది. ఫోన్‌తో కొలిచి చూశాను." "ఏడేనా? మా ఆయన తొమ్మిదనేవాడు," అంది బ్లాంకర్ట్ గారు. పిల్ల నవ్వింది. "మెట్లకి పట్టుకోడానికి తాడేంటండీ బాబూ, ఓడెక్కుతున్నట్టుంది!" "మరి దిగేటప్పుడు వెనక్కి తిరిగి దిగాలి, ఓడలోలాగే." మంచి పిల్లలే, ఇద్దరూ ఆసుపత్రిలో పని అట, నవ్వు మొహాలు, నాలుగు కొత్త మోకాళ్లు. తనైనా వాళ్లకే ఇస్తుంది. ఆ తాడు పట్టుకున్నప్పుడు ఇందాక తనకేమనిపించింది? అరచేతి కింద నున్నగా, ఎన్ని వేల చేతులో అరగదీసిన నునుపు, ఇరవై ఎనిమిదేళ్లు నిచ్చెనలు పట్టిన చేతికి చుట్టాన్ని కలిసినట్టుంది. మోకాళ్లు ఏడ్చాయి, ఏడవనీ. రోజుకి రెండుసార్లు ఎక్కి దిగితే చాలు, మిగతా అంతా కిటికీ దగ్గరే కదా. ఆవిడకి చెప్పెయ్యాల్సిందా, నేను మిమ్మల్ని ఎరుగుదును అని? ఛీ, చెబితే ఏమనుకుంటుంది, సానుభూతికి తలుపు తట్టినట్టుండదూ. పైగా ఇరవై ఎనిమిదేళ్లు మీ ఇంట్లోకి చూశానంటే ఎవరు ఇస్తారు అద్దెకి. అసలాయన ఏడీ? వయసు మీద పడి మెట్లు ఎక్కలేక ఇద్దరూ కిందికి దిగిపోయి ఉంటారు, పైభాగం అందుకే అద్దెకిస్తున్నారు. ఇదిగో ఈ వంటింట్లో కుర్చీలు రెండు. తలుపు పక్కన కొక్కేనికి బూడిదరంగు టోపీ. ఆ టోపీని చూసిన క్షణాన లేచి దాన్ని వేలితో నొక్కాలనిపించింది, పాత స్నేహితుణ్ణి పలకరించినట్టు. ఏ బజారుకో వెళ్లుంటాడు, టోపీ లేకుండా వెళ్లాడా ఈ గాలిలో, మార్చి గాలి పాడుది. నాలుగింటికి ముందే వచ్చేస్తే బాగుండును, ఇది పోయినా పరవాలేదు, ఒక్కసారి ఆయన్ని నీడలో కాకుండా ఎదురుగా చూస్తే. లేదు, అబద్ధం, పరవాలేదేమిటి, పోకూడదు, ఇదే కావాలి.

ఇందాక బిస్కెట్‌తో పాటు ఇచ్చిన కాఫీ తన పని తాను చేసింది. టాయిలెట్ నడవలో, మెట్ల కింద, తల వంచి వెళ్లాలి. కూర్చుంటే కళ్లెదురుగా తలుపుకి పుట్టినరోజుల క్యాలెండర్, అందరిళ్లలోలాగే, ఎవరినీ మర్చిపోకుండా అక్కడ తగిలిస్తారు కదా, వారాలుండవు, తారీఖులే, ఏళ్ల తరబడి అదే తిరుగుతుంది. పక్కన దారానికి వేలాడుతూ పెన్ను. మార్చి పుట తెరిచి ఉంది. మూడో తారీఖు ఎవరో బెప్, ఎనిమిదో తారీఖు ఎవరో కవలలు, పదకొండు... పదకొండు అంటే ఇవాళే. పదకొండో గడిలో నీలిసిరాతో ఎవర్ట్. వీధి తలుపు మీద ఇందాక చూసీ పట్టించుకోని ఇత్తడి పలక గుర్తొచ్చింది, ఎవర్ట్, యాకోమీన బ్లాంకర్ట్ అని. ఎవర్ట్! ఇన్నేళ్లకి పేరు తెలిసింది. బాగా నప్పింది పేరు, నారింజ తొక్క తీసే మనిషికి వేరే పేరుండటానికి వీల్లేదు. ఇవాళ ఆయన పుట్టినరోజు. కేకు తేవడానికే వెళ్లుంటాడు, మరి తోరణాలేవీ, ఈ వయసులో కట్టరేమో. నాన్న పోయాక అమ్మ తమ ఇంటి క్యాలెండర్లో ఆయన పేరు పక్కన చిన్న శిలువ గీసింది. పక్కింటివాళ్లతో చెడినప్పుడు వాళ్ల పేరే కొట్టేసింది, కలిసినప్పుడు మళ్లీ రాసింది, ఆ గడి చిరిగేదాకా వచ్చింది. ఇక్కడ ఎవర్ట్ పక్కన శిలువా లేదు, గీతా లేదు. తన పేరు ఇప్పుడు ఎన్ని క్యాలెండర్లలో ఉందో లెక్కపెట్టబోయి యానీ ఇంట్లో ఒకటి అనుకుంది, అక్కడితో ఆగింది. సరే, ఇప్పుడేం చెయ్యాలి? పుట్టినరోజు నాడు ఆ ఇంటికెళ్లి ఇంటావిడకి అభినందనలు చెప్పకుండా కూర్చునేవాళ్లెవరు, పశువులు. మొగుడి పుట్టినరోజుకి పెళ్లానికి, కొడుకు పుట్టినరోజుకి తల్లికి, ఆఖరికి వదినకీ మరిదికీ కూడా చెబుతాం. చెబితేనేమో, చూడు, గది కోసం టాయిలెట్లో క్యాలెండర్ చదివొచ్చి కాకా పడుతోంది అనుకుంటుంది. అనుకోనీ. మర్యాద మర్యాదే. చేతులు రెండుసార్లు కడుక్కుంది. గంటలు మూడున్నర పాట వాయించాయి, ఆ తర్వాత ఎప్పుడో ముప్పావుదీ వాయించాయి, పైన ఏం మాట్లాడుకున్నారో ఇంక వినలేదు, ఒక వాక్యాన్ని నోట్లో తిప్పుకుంటూ కూర్చుంది.

కుర్రజంట తాడు పట్టుకుని వెనక్కి తిరిగి దిగారు, నవ్వుకుంటూ వెళ్లిపోయారు. వీధి తలుపు మూసుకుంది. బ్లాంకర్ట్ గారు వంటింట్లోకి వచ్చింది, ఊపిరి కాస్త అందట్లేదు, అయినా కూర్చోలేదు. ఆవిడ నోరు తెరిచేలోపే ఇనెకె లేచి చెయ్యి చాపేసింది.

"మీ వారి పుట్టినరోజుకి అభినందనలండీ. క్యాలెండర్లో చూశాను, మరి చెప్పకుండా ఉండలేను కదా."

ఆవిడ చెయ్యి అందుకోలేదు. కాసేపు ఆ చేతినే చూసింది, ఎవరో మర్చిపోయి వదిలేసిన వస్తువుని చూసినట్టు.

"తొమ్మిదేళ్లయింది ఆయన పోయి."

అయిపోయింది. గది పోయింది, కిటికీ పోయింది, అల్మేరే ఆకాశం మొత్తం ఒక్కసారిగా నెత్తిన పడింది. దానికంటే ముందు ఇంకొకటి పడింది, ఆయన లేడన్నది. తొమ్మిదేళ్లు. తను పని మానేసి నిచ్చెన దిగి పదకొండేళ్లు, ఆ తర్వాత రెండేళ్లు ఆయన ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు, అద్దంలో చూసేవాళ్లు లేకుండా. పేరు తెలిసి గంటైనా కాలేదు. ఇదేమిటి, ఏడుపొస్తోంది, పరాయి ఇంట్లో, పరాయివాడి కోసం.

"క్షమించండి. టోపీ ఉంటే... పేరు పక్కన శిలువ లేకపోతే..."

"శిలువెందుకు పెట్టాలి? చచ్చిపోయినంత మాత్రాన పుట్టకుండా పోతాడా?" అంది బ్లాంకర్ట్ గారు. గొంతులో కోపం ఉంది, కానీ కోపం ఇనెకె మీద కాదు. "మొదటేడు ఇద్దరు చెప్పారు. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసే ఎత్తరు. వచ్చినవాళ్లంతా ఆ టాయిలెట్‌కి వెళ్తారు, చూస్తారు, బయటికొచ్చి వాతావరణం గురించి మాట్లాడతారు. సరే, మీరెందుకు ఏడుస్తున్నారు? మీకేమవుతాడు?"

ఇంక పోయేదేముంది. పోయిన గదికి మళ్లీ పోవడం ఉండదు కదా.

"ఆయన్ని చూసేదాన్నండీ. ఎదురింటి కిటికీలు నేనే తుడిచేదాన్ని, ఇరవై ఎనిమిదేళ్లు. ఆ అద్దంలో మీ గది కనపడేది. పొయ్యికి ఎడమ... కాదు, కుడిపక్క బల్ల దగ్గర కూర్చునేవారు. నారింజపండు తొక్క ఒక్క ముక్కగా తీస్తూ."

"అబద్ధం. ఒక్క ముక్కగా ఒక్కనాడూ రాలేదు. జీవితంలో రాలేదు. మధ్యలో తెగేది."

"తెగేది," అంది ఇనెకె. "తెగగానే గబుక్కున కిటికీలోంచి బయటికి చూసేవారు, ఎవరైనా చూశారేమోనని. తర్వాత ముక్కని టోపీ కింద దాచేసేవారు, మీకు కనపడకుండా."

బ్లాంకర్ట్ గారు ఇప్పుడు కూర్చుంది. రెండో కుర్చీలో, టోపీ కిందనున్న కుర్చీలో. ఆ తర్వాత భుజాలు కదిలాయి, ఏడుస్తోందేమోనని ఇనెకె భయపడింది, నవ్వుతోంది, ఏడవడం లేదని కూడా చెప్పలేం.

"యాభై మూడేళ్లు," అంది ముక్కు చీదుకుంటూ. "యాభై మూడేళ్లు ఆ టోపీకి నారింజ వాసనెందుకొస్తుందా అని ఉతికాను. అందుకే నొక్కినప్పుడల్లా ఉలిక్కిపడేవాడు, ముసలి దొంగ." లేచింది. డబ్బా మూత తీసి ఇనెకె ముందు పెట్టింది, ఈసారి మూత వెయ్యలేదు. "పాపం ఆ పిల్లలకి నేల సమంగా కావాలట. నీకు వాలు ఫరవాలేదుగా?"

నువ్వు అంది. మీరు అన్న నోటితోనే, గంట తిరక్కుండా. ఇనెకె తల ఊపిందో లేదో తనకే తెలియదు. పురపాలక భవనం మీద గంటలు మొదలయ్యాయి, ఈసారి పాట మొత్తం, ఎక్కడా ఆగకుండా, తర్వాత నాలుగు దెబ్బలు. బ్లాంకర్ట్ గారు సమాధానం కోసం ఆగకుండా నడవలోకి వెళ్లిపోయింది, మెట్ల కింద తల వంచింది, టాయిలెట్ తలుపు కిర్రుమంది.

"నీ పుట్టినరోజెప్పుడు?" అని అరిచింది అక్కణ్ణించే.

"జూన్ పంతొమ్మిది." లోపలికి వినపడలేదేమో, మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

కాగితాలు తిప్పుతున్న చప్పుడు. మార్చి, ఏప్రిల్, మే. ఇనెకె లెక్కపెడుతోంది, చేతిలో రెండో బిస్కెట్ ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఆ గడిలో మా ఆడపడుచు ఉంది. లావు అక్షరాలతో గడంతా తనే ఆక్రమించుకుంది, బతికున్నప్పుడూ అంతే," అంది లోపలి గొంతు. పెన్ను విదిలించిన చప్పుడు. "ఉండు, పక్కన కాస్త చోటుంది. ఇరుకైనా సర్దుకుంటావా?"

"సర్దుకుంటాను," అంది ఇనెకె.